మామగారి మొహంలో అర్థాలు

ఆ ఇంట్లో భోజనాల దగ్గర రోజూ ఒక పరీక్ష ఉంటుందని కొత్త కోడలికి ఎవరూ ముందుగా చెప్పలేదు. కంచాలు పెట్టారు, కూర వడ్డించారు, అందరూ కూర్చున్నారు. మొదటి ముద్ద నోటి దాకా వెళ్ళే లోపే మామగారు చొక్కా ఎడమ జేబులోంచి ఒక చీటీ తీసి, కళ్ళజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని చదివారు.

"ఇనుముతో చేసిన చిన్న వస్తువు. పోతే ఇల్లంతా వెతుకుతారు."

"తాళంచెవి!" అంది అత్తగారు, కూర గిన్నె కింద పెట్టకుండానే.

"తాళంచెవి," అన్నాడు పెళ్ళికొడుకు కూడా, అరక్షణం వెనకగా.

"నువ్వు లేటు. మార్కు మీ అమ్మదే," అన్నారు మామగారు. చీటీ మీద ఒక గీత గీసి దాన్ని కుడి జేబులో వేసుకున్నారు. తర్వాత కొత్త కోడలి వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగారు. "అమ్మాయ్, తరవాతది నువ్వు ప్రయత్నిస్తావా?"

కోడలు తల ఇంకా కిందికి వంచుకుంది.

ఆయన్ని ఊళ్ళో అర్థాలాయన అనేవాళ్ళు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పోస్టాఫీసులో గుమాస్తా. రాయడం రానివాళ్ళు వచ్చి కౌంటరు దగ్గర నిలబడితే ఉత్తరాలు రాసిపెట్టేవారు. ఒకసారి ఒక పెద్దావిడ దూరాన ఉన్న కొడుక్కి రాయిస్తూ, "ఆవు చేపుకి రావట్లేదని రాయండి బాబూ," అంది. ఆయన కలం ఆగిపోయింది. చేపు అంటే ఏమిటో ఆయనకి తెలీదు. పొదుగులోకి పాలు దిగడమని ఆవిడే చెప్పింది, ఇంత చదువుకుని ఇదెలా తెలీదయ్యా అన్నట్టు చూస్తూ. ఇంటికొచ్చి తన దగ్గరున్న నిఘంటువు తిరగేస్తే అందులో చందమామకి బారెడు పేర్లున్నాయి గానీ పాలు దిగడానికి ఒక్క మాట లేదు. పాడైపోయిన మనియార్డరు ఫారం వెనక ఆ మాట రాసి పెట్టుకున్నారు. అదే మొదటి చీటీ.

తర్వాత అది ఆగలేదు. చాకళ్ళు, వడ్రంగులు, బండి తోలేవాళ్ళు, పిల్లల తల్లులు, గొడవపడేవాళ్ళు, ఎవరి నోట కొత్త మాట వచ్చినా ఆయన చెయ్యి జేబులోకి పోయేది. ఆఫీసులో ఉత్తరాలు వేసే పాత చెక్క గూళ్ళని వేలంలో పడేస్తుంటే కొనుక్కొచ్చి ముందు గదిలో నిలబెట్టారు. ఒక్కో గూటికి ఒక్కో అక్షరం.

"అందరి మొగుళ్ళూ రిటైరైతే చేతికి గడియారం తెచ్చుకుంటారు. మా ఆయన పావురాల గూళ్ళు తెచ్చారు," అనేది అత్తగారు. వచ్చినవాళ్ళకి కుర్చీ వేయడానికి ఆ గదిలో చోటు లేక వాకిట్లోనే కూర్చోబెట్టేది. అయినా చీటీ ఒక్కటి కింద పడితే పరుగెత్తుకెళ్ళి తీసి ఏ గూటిదో ఆ గూట్లోనే పెట్టేది.

భోజనాల పరీక్ష ఆయన కనిపెట్టిన పద్ధతి. అర్థం రాస్తే సరిపోదు, ఆ అర్థం విని మాట గుర్తుకు రావాలి. రాకపోతే ఆ అర్థం దండగ. అందుకని మాట చెప్పకుండా అర్థం మాత్రం చదువుతారు. ఇంట్లోవాళ్ళు పోల్చుకుంటే చీటీ కుడి జేబులోకి, అంటే ఆయన కూర్చుతున్న నిఘంటువులోకి. పోల్చుకోలేకపోతే మళ్ళీ ఎడమ జేబులోకి. కొడుకు పగలంతా గడియారాల షాపులో కంటికి భూతద్దం పెట్టుకుని ముళ్ళు సరిచేసి వచ్చినా, సాయంత్రం ఈ ఆట దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లాడైపోయేవాడు.

మొదటి నెలలంతా కోడలు ఒక్కటంటే ఒక్కటి చెప్పలేకపోయింది. తలొంచుకుని కంచం వైపే చూస్తూ వినేది. ఆమె చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అమ్మ మంచం పట్టడంతో బడి సంచి అటకెక్కింది. అందుకే తనకి ఈ మాటలు అంతుపట్టడం లేదనుకుంది. మామగారు మాత్రం ఒక్కసారీ చిన్నబుచ్చలేదు. "ఫరవాలేదమ్మా, తప్పు అర్థానిది, నీది కాదు," అని చీటీ వెనక్కి పెట్టుకోబోతే అత్తగారు జవాబు చెప్పేసేది.

రోజులు గడిచేకొద్దీ బెరుకు కొంచెం తగ్గింది. కోడలు తలెత్తి కూర్చోవడం మొదలుపెట్టింది. తలెత్తాక ఏమైందో ఏమో, మాటలు వాటంతటవే నోటికొచ్చేశాయి. ఒకరోజు వరసగా అత్తగారిని ఓడించింది కూడా.

"ఏమేవ్, నీ కిరీటం పోయింది," అన్నారు మామగారు పెళ్ళాంతో.

"పోతే పోయిందిలెండి, బరువు తగ్గింది," అంది అత్తగారు, కోడలి కంచంలో ఇంకో గరిటె కూర వేస్తూ.

"మా కోడలు పెద్దగా మాట్లాడదు గానీ మాటలన్నీ దాని దగ్గరే ఉన్నాయి," అని మామగారు వీధిలో వాళ్ళకి చెప్పుకోవడం కిటికీలోంచి విని ఆమె జానెడు ఎత్తు పెరిగింది. కొత్త ఇంట్లో ఆమెకి దొరికిన మొదటి కుర్చీ అదే.

ఆ ఏడు ఊళ్ళో ప్రెస్సాయన అచ్చువేయడానికి సరేనన్నాడు. గూళ్ళలోని చీటీలన్నీ పుస్తకం కాబోతున్నాయి. ఆయన దగ్గర సీసపు అక్షరాలు తక్కువ. కొన్ని పేజీలు పేర్చి, అచ్చువేసి, ఆ అక్షరాలే విప్పి తర్వాతి పేజీలు పేర్చాలి.

"ఒకసారి విప్పేశానంటే విప్పేసినట్టే. అయ్యో, ఇక్కడో మాట మార్చాలి అని నా గుమ్మం తొక్కకూడదు," అని ముందే గట్టిగా చెప్పాడు. మామగారు పసివాణ్ణి బడిలో వేస్తున్నంత సంబరంగా తలూపారు.

మొదటి చీటీల కట్ట ప్రెస్సుకి వెళ్ళిన కొద్ది రోజులకి ఇది జరిగింది. కోడలు ముందే తినేసి, తొట్టి దగ్గర వీపు తిప్పి గిన్నెలు కడుగుతోంది. వెనక మామగారు చదివారు.

"నిద్ర వచ్చినప్పుడు నోటి వెంట వచ్చేది."

గురక అనుకుంది కోడలు. చెబుదామని తిరిగే లోపే "ఆవులింత!" అని తల్లీకొడుకూ ఒక్కసారే అరిచారు. ఆమె తిరిగి చూసింది. మామగారి నోరు అప్పుడే మూతపడుతోంది. అర్థం చదువుతూ ఆయన ఆవులించారు.



మర్నాడు ఆమె జవాబులు చెప్పలేదు, ఊరికే చూసింది. జల్లెడ అర్థం చదువుతున్నప్పుడు ఆయన రెండు చేతులూ అటూ ఇటూ ఆడాయి. పిట్ట పేరైతే కళ్ళు కిటికీ మీదికి పోయాయి. వంటింటి సామానైతే గడ్డం వంటింటి వైపు తిరిగింది. "కోపం కానిది. బతిమాలితే పోయేది" అని చదువుతూ అత్తగారి వైపు ఓరగా చూశారు. "అలక!" అంది అత్తగారు, ఆ చూపుకే అలిగినట్టు. మొదటి రోజు తాళంచెవి కూడా గుర్తొచ్చింది. ఆయన చెయ్యి మొలదగ్గరికి పోయింది కాబోలు, అప్పుడు తను కంచం చూస్తోంది.

ఇవేవీ ఆయనకి తెలీవు. కావాలని చేసేవి కావు. మాట మీద ఇష్టం కొద్దీ ఒళ్ళంతా ఆ మాటైపోతారు. కొడుకు పుట్టినప్పటి నుంచి ఆ ఒంటిని చూస్తున్నాడు, అత్తగారు అంతకు ముందు నుంచి. ఇంట్లో అందరూ వింటున్నది అర్థాన్ని కాదు, మామగారిని. మొదట్లో తను ఓడిపోయింది తెలివి లేక కాదు, తలొంచుకోవడం వల్ల. ఇప్పుడు గెలుస్తున్నదీ తెలివి వచ్చి కాదు.

ఇది తట్టగానే ముందు తన కుర్చీ కింద నేల కదిలినట్టయింది. ఆ తర్వాత అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. కుడి జేబులో పడ్డ చీటీలన్నీ, ఆ గూళ్ళ నిండా ఉన్నవన్నీ, ఇలా నెగ్గినవే. పుస్తకంలో ఆవులించే మొహం ఉండదు. చెబితే ఆయన జీవితకాలపు పనిని నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల తప్పు పట్టినట్టు. చెప్పకపోతే పేజీలు ఒక్కొక్కటే అచ్చయిపోతాయి, తర్వాత ఇక దేవుడొచ్చినా మార్చలేడు. రోజూ చెబుదామనుకునేది. రోజూ గుమ్మం దాకా వచ్చి నోరు పెగలక మంచినీళ్ళు కావాలా అని అడిగి వెళ్ళిపోయేది. ఆయన వద్దనలేక తాగేవారు.

చివరికి ఆరిన బట్టలు మడతపెడుతూ అత్తగారి దగ్గర బయటపడింది.

"అత్తయ్యా, మామయ్యగారు చదువుతుంటే మీకు మాట ఎలా తెలుస్తుంది?"

"ఆయన మొహం చూస్తే తెలీదూ?" అంది అత్తగారు, దిండు గలీబు దులుపుతూ. "ఒకసారి పిల్లి గురించి చదువుతూ మీసం దువ్వుకున్నారు. నవ్వాపుకోలేక చచ్చాను."

"అంటే... మీకు ముందే తెలుసా?"

"ఎప్పుడో తెలుసు. పాపం సంబరపడిపోతారు కదా అని ఊరుకున్నా. ఏం?"

"పుస్తకం కొన్నవాళ్ళకి ఆ మొహం కనపడదు కదత్తయ్యా."

అత్తగారు గలీబు కింద పెట్టింది. మెల్లిగా కూర్చుంది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇన్నేళ్ళూ నేనాయన్ని సంతోషపెడుతున్నాననుకున్నా. కొంప ముంచుతున్నానన్నమాట." కాస్త ఆలోచించి, "నేను చెబితే ఎగతాళి అనుకుంటారు. ఈ ఇంట్లో నేను నిజం చెప్పినా జోకే. నువ్వే చెప్పు," అంది.

"నా వల్ల కాదత్తయ్యా."

"చెప్పలేకపోతే చదువు. అది చాలు."

ఆ సాయంత్రం మామగారు జేబులో చెయ్యి పెట్టబోతుంటే అత్తగారు, "మీ గొంతు బొంగురుపోయింది. ఇవాళ అమ్మాయి చదువుతుంది," అని ఆయన కుడి జేబులోంచి చీటీలు లాగేసుకుంది. గొంతు బానే ఉందని ఆయన అంటున్నా వినలేదు. కోడలికి అందరి ముందూ చదవడం బెరుకు. వంటింటి తలుపు వెనక నిలబడి చదివింది.

"ఇంట్లో వాడేది. వేరు చేయడానికి పనికివస్తుంది."

కొడుకు గాల్లోకి చూశాడు. "కత్తిపీట?"

"కాదు," అంది తలుపు వెనక నుంచి గొంతు.

"ఇంట్లో ఉండి వేరు చేసేదా? అయితే మీ చెల్లెలే," అంది అత్తగారు మొగుడితో.

"దాన్నెందుకు లాగుతావే మధ్యలో," అని మామగారు విసుక్కుని, "జల్లెడర్రా! ఎంత సులువు! తరవాతది చదువమ్మా," అన్నారు.

"నిద్ర వచ్చినప్పుడు నోటి వెంట వచ్చేది."

"గురక," అన్నాడు కొడుకు.

"చొంగ," అంది అత్తగారు. ఈసారి వేళాకోళానికి కాదు, నిజంగానే ఆమెకి అదే తోచింది.

అలా చీటీ వెనక చీటీ పోయింది. ఇదివరకు నెగ్గినవే. ఒకటీ అరా తప్ప ఏదీ నిలబడలేదు. మామగారి ముద్ద చేతిలోనే ఎండిపోతోంది.

"అమ్మాయ్, నువ్వు మరీ చప్పగా చదువుతున్నావు. కాస్త భావం పెట్టి చదవాలమ్మా," అన్నారు చివరికి.

ఇప్పుడు తప్పదు. కోడలు తలుపు చెక్క గట్టిగా పట్టుకుంది. బయటికి రాలేదు.

"రేపు పుస్తకం కొన్నవాళ్ళింట్లో భావం పెట్టి చదవడానికి మీరు ఉండరు కదండీ మామయ్యగారూ."

అంత పొడుగు మాట ఆమె ఆ ఇంట్లో మాట్లాడటం అదే మొదటిసారి. మామగారు కొడుకు వైపు చూశారు. వాడు కంచం వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూశారు. ఆమె మెల్లిగా, "మీరు ఆవులిస్తారండీ," అంది.

ఆయన భోజనం ముగించకుండానే లేచి ముందు గదిలోకి వెళ్ళి గూళ్ళ ముందు కూర్చున్నారు.

మర్నాడంతా ఆ గదిలోంచి మాట లేదు. కోడలికి వంటలో ఉప్పు వేసిందో లేదో కూడా గుర్తులేదు. సాయంత్రానికి లోపల ఏదో చప్పుడైతే భయంగా తొంగిచూసింది. మామగారు గోడకున్న చిన్న అద్దం ముందు నిలబడి, చీటీ పట్టుకుని, తనకి తాను అర్థం చదువుకుంటున్నారు. చదువుతూ తన చేతులు తానే చూసుకుంటున్నారు. చేతులు అటూ ఇటూ ఆడాయి. ఆయన తెల్లబోయారు. ఇంకోటి చదివారు. కళ్ళు కిటికీ మీదికి పోయాయి. అంతే, పకపకా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

"ఏమేవ్! నేను డిక్షనరీ రాయలేదే, నాటకం ఆడాను!"

"ఇన్నేళ్ళూ టిక్కెట్టు లేకుండా చూశాం," అంది అత్తగారు, పరుగెత్తుకొచ్చి నీళ్ళిస్తూ. కోడలు గుమ్మం వెనక గోడకి ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

మర్నాడు ఆయన ప్రెస్సు గుమ్మం తొక్కారు. ప్రెస్సాయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మొదటి కొన్ని పేజీలు అచ్చయిపోయాయి, కాగితాలు ఆరేసి ఉన్నాయి. మామగారు అవన్నీ తనే తీసుకుని అంగట్లో పొట్లాలకిచ్చారు. చాలా రోజులు ఆ వీధిలో పప్పులూ మేకులూ ఆయన పాత అర్థాలలోనే ఇంటికెళ్ళాయి.

"మళ్ళీ ఎప్పుడిస్తారు మహానుభావా?" అన్నాడు ప్రెస్సాయన.

"నా మొహం చూడనివాళ్ళకి అర్థమైనప్పుడు."

పద్ధతి మారింది. వంటింటికీ భోజనాల గదికీ మధ్య పాత దుప్పటి ఒకటి తెరగా కట్టారు. తెర వెనక కోడలు చదివేది. మామగారు గోడ వైపు తిరిగి కూర్చోవాలని అత్తగారి ఆజ్ఞ. ఇంట్లోవాళ్ళు ఆయన మాట తీరుకి కూడా అలవాటు పడిపోయారు గనక రోజూ బయటివాళ్ళని ఎవరో ఒకరిని భోజనానికి పిలిచేవారు. దర్జీ వచ్చాడు, పాలావిడ వచ్చింది, బడి పంతులమ్మ వచ్చింది, అటుగా పోతున్న గొడుగులు బాగుచేసేవాడు కూడా వచ్చాడు.

"కోపం కానిది. బతిమాలితే పోయేది," అని చదివింది కోడలు ఒకరోజు.

దర్జీ తినడం ఆపి ఆలోచించాడు. "బతిమాలితే పోయేదా? మా ఇంట్లో అద్దెకున్నవాళ్ళు కాదు కదా, వాళ్ళు బతిమాలినా పోరు."

గోడ వైపు తిరిగి ఉన్న మామగారి భుజాలు కదిలాయి. "సరే, ఏం రాయాలో మీరే చెప్పండి," అన్నారు.

అందరూ తలో మాటా అన్నారు. ఏదీ అతకలేదు. చివరికి అత్తగారు చేతులు తుడుచుకుంటూ, "తనవాళ్ళ మీదే వచ్చే కోపం. బతిమాలతారని నమ్మకం ఉంటేనే వస్తుంది," అంది.

"అలక!" అన్నాడు దర్జీ. అని, "మా ఆవిడకి ఈ మధ్య రావటం లేదు," అన్నాడు కాస్త దిగులుగా.

"అయితే వెళ్ళేటప్పుడు ఏదైనా కొనుక్కెళ్ళు," అంది అత్తగారు.

గోడ వైపు నుంచి కలం గీసిన చప్పుడు వినపడింది. ఆ అర్థం అలాగే పుస్తకంలోకి పోయింది, ఒక్క అక్షరం మారకుండా.

తెర వెనక ఉంటే మొహం కనపడదు గనక కోడలి గొంతు తెరుచుకుంది. మొదట్లో తడబడినా, రానురాను ఎక్కడ ఆపాలో, ఎక్కడ కుదించాలో ఆమెకే తెలిసింది. ఒక అర్థం నలుగురి దగ్గర తప్పితే ఎందుకు తప్పిందో మామగారూ ఆమే కూర్చుని తేల్చేవాళ్ళు. ఆమె ఇటువైపు, ఆయన అటువైపు. తర్వాత ఎప్పుడో తెర తీసేశారు గానీ ఎవరూ గమనించలేదు. పుస్తకం అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా వచ్చింది. మొదటి ప్రతిని మామగారు తీసుకెళ్ళి పోస్టాఫీసు కౌంటరు మీద పెట్టి వచ్చారు, ఉత్తరాలు రాసేవాళ్ళ కోసం.

అది పండితుల చేతిలో ఎంత తిరిగిందో కోడలికి తెలీదు. ఊళ్ళో మాత్రం బాగానే తిరిగింది. వడ్రంగి ఒకడు అందులో తన పనిముట్ల పేర్లన్నీ వెతుక్కుని, ఒకటి లేదని దెబ్బలాడటానికి వచ్చి, ఆ మాట రాసిచ్చి భోజనం చేసి వెళ్ళాడు. పంతులమ్మ బడిలో ఇదే ఆట పిల్లలతో ఆడించింది. రెండో కూర్పు పనిలో అచ్చుకి ఇచ్చే ప్రతి కాగితం మీదా ముందుగా కోడలి టిక్కు ఉండాలని మామగారే ప్రెస్సాయనకి చెప్పారు.

ఆ రెండో కూర్పు సగంలో ఉండగా మామగారికి కళ్ళలో పొర పెరిగి ఆపరేషను చేశారు. కళ్ళకి కట్లు కట్టి, తల కదపకూడదని పడుకోబెట్టారు. పక్కన కోడలు కూర్చుంది. వార్డులో పక్క మంచం మీద ఎవరో ఊరుకాని ఊరి మనిషి, ఆయనకీ కళ్ళకి కట్లే. ఆయన భార్య జలుబు గొంతుతో, కాలక్షేపానికి ఒక లావుపాటి పుస్తకంలోంచి ఏదో చదువుతోంది. అట్ట చూసి కోడలు ఉలిక్కిపడింది. మామగారి చెయ్యి మీద చెయ్యి వేసింది. ఆయన అప్పటికే వింటున్నారు.

"ఇది చెప్పండి చూద్దాం," అంటోంది ఆవిడ మొగుడితో, ముక్కు చీదుకుంటూ. "ఒంటి మీద మెత్తగా తాకితే ఆపుకోలేని నవ్వు రావడం. ఎవరికి వారు పెట్టుకుంటే రాదు."

మామగారి పెదవులు కదిలాయి. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. నుదుటి మీద కట్టు కింద గీతలు పడ్డాయి. ఏదో నాలిక చివర ఉంది, రావటం లేదు.

"చక్కిలిగింత," అన్నాడు పక్క మంచమాయన, తాపీగా.

"అబ్బో! నిన్న ఇంతకంటే సులువైంది చెప్పలేకపోయారు."

"నిన్న కళ్ళు మండుతున్నాయి. ఇంకోటి చదువు."

కోడలు వంగి మామగారి చెవిలో అడిగింది. "చెప్పనా అండీ, ఆ పుస్తకం ఎవరిదో?"

"వద్దమ్మా," అన్నారాయన గుసగుసగా. కట్టు కింద మొహమంతా నవ్వే. "ఇప్పుడే నేను ఓడిపోయాను. ఉండు, తరవాతది ఏం చదువుతుందో విననీ."